ఏ రాయైతేనేం: ఇంటిల్లిపాదికీ పంటి చిట్కాలు

నోట్లో 32 పళ్లు. అన్నిటికీ జీవితాంతం కాపలా కాయడం ఎవరి తరం? ఒక్కొక్కటే వదిలించుకుంటూ పోతే చాకిరీ తగ్గుతుంది. పెద్ద తెలివి అక్కర్లేదు, వాయిదా వేయడం వస్తే చాలు.

1. పొద్దున ఒక్కసారే తోమండి, అదీ వాట్సాప్ చూసుకుంటూ. డాక్టర్లు రెండు నిమిషాలంటారు. వాళ్లకేం పని లేదు. రాత్రి తోముకోవడమైతే శుద్ధ దండగ. నిద్రలో నోట్లో లాలాజలం తగ్గుతుంది కాబట్టి, సందుల్లో ఇరుక్కున్న మైసూర్‌పాక్ తెల్లవార్లూ నిశ్చింతగా తన పని చేసుకుంటుంది. దాన్నెందుకు కదిలించడం?

2. పిల్లలవి పాలపళ్లు, ఎలాగూ ఊడేవే. పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టండి. ఆరో ఏట ఒక దవడ పన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే అన్నిటి వెనకా చప్పుడు చేయకుండా మొలుస్తుంది. అది శాశ్వతమైనది. మీరు మాత్రం దాన్నీ పాలపళ్ల ఖాతాలోనే వేయండి. పుచ్చిందని టీచరు చెబితే "ఊడి మళ్లీ వస్తుందిలెండి మేడమ్" అనండి. రాదు. ఆ సంగతి వాడే తెలుసుకుంటాడు.

3. ఇక అసలు విద్య, పిప్పి పన్ను పెంపకం. చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంటుంది. రెండో పక్క నమలడం మొదలుపెట్టండి. ఇప్పుడే వెళితే ఒక్క పూటలో ఫిల్లింగ్ చేసి పంపేస్తారు. అంత చిన్న పనికి ఆదివారం పాడుచేసుకుంటారా? తర్వాత రాత్రిళ్లు నొప్పి లేస్తుంది. లవంగ నూనెలో దూది ముంచి అద్దండి. కాసేపు మొద్దుబారుతుంది, అడుగున పుచ్చు మాత్రం ఆగదు. మెడికల్ షాపులో "పంటి నొప్పికి ఏదైనా ఇవ్వు బాబూ" అని యాంటీబయాటిక్ తెచ్చుకుని, రెండు పూటలకే ఆపేయండి. మిగిలినవి బావమరిది పంటికి పనికొస్తాయి.

ఒక శుభోదయాన నొప్పి దానంతటదే మాయమవుతుంది. ఊరంతా చాటండి. లోపల నరం చచ్చిపోయిందని ఎవరైనా అంటే, అపశకునపు మాటలని కసరండి. కొన్నాళ్లకు దవడ వాస్తుంది. ఆ వాపు గొంతు కిందికి దిగి, నోరు తెరుచుకోక, మింగుడుపడక, ఊపిరి బరువైతే అంబులెన్సే ఇంటికొస్తుంది. అపాయింట్‌మెంట్ బాధ కూడా తప్పింది.

4. ఎవరో బలవంతాన రూట్ కెనాల్ మొదలుపెట్టించారా? మొదటి సిట్టింగుతో నొప్పి పోగానే ఫోన్ ఎత్తడం మానేయండి. పైన వేసే క్యాప్ డబ్బు గుంజడానికేనని మీకు తెలుసు. నరం తీసి తొలిచిన దవడ పన్ను గట్టిదో కాదో సంక్రాంతి సకినాలతో పరీక్షించండి. నిలువునా చీలితే, కాదని తేలినట్టే.

5. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయని పక్కింటి పిన్నిగారు చెప్పారు. నమ్మండి. ఆవిడ పళ్లను ఇన్నాళ్లుగా పట్టుకుని ఉన్నది గారే. చిగుళ్ల నుంచి రక్తం వస్తే ఆ చోట బ్రష్ పెట్టకండి. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే మరీ మంచిది. చిగుళ్ల జబ్బు షుగర్‌ని, షుగర్ చిగుళ్ల జబ్బుని ఎగదోస్తాయి. పై పన్ను పీకితే చూపు పోతుందన్న మాట తప్పకుండా వాడండి. పంటి నరానికీ చూపు నరానికీ పొత్తు లేదనుకోండి, కానీ ఇంత పెద్దమనిషి తరహా సాకు మరొకటి దొరకదు.

6. నల్లగొండ పల్లెల్లో బోరునీళ్లలోని ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ ఏం చేసిందో చూశారుగా. అందుకని, అపార్ట్‌మెంట్‌లో ఆర్వో నీళ్లు తాగే మీరు ఫ్లోరైడ్ పేస్టు మానేసి బొగ్గుపొడితో రుద్దండి. ఎనామిల్ ఒకసారి అరిగితే మళ్లీ రాదు, కాబట్టి పని శాశ్వతం.

7. క్రికెట్ బంతి తగిలి పెద్దాడి పన్ను వేరుతో సహా ఊడిందా? వేరు ముట్టకుండా పాలలో వేసుకుని గంటలోపు రమ్మంటారు డాక్టర్లు. మీరు సబ్బుతో బరబరా రుద్ది, ఇంటికప్పు మీదికి విసిరేయండి.

8. తాతగారు గుట్కా మానరు. నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోతే "వేడి చేసిందిలే" అని మజ్జిగ ఇవ్వండి.

9. చివరికి బిల్లు వస్తుంది. "ఈ పళ్ల డాక్టర్లు దోచేస్తున్నారు" అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. దాని కిందే లవంగ నూనె వీడియో ఫార్వర్డ్ చేయండి.