లడఖ్ రెడీ

మా కాలనీలో ఒక థార్ ఉంది. కొన్నప్పుడు చక్కని బండి. ఇప్పుడు చూస్తే శివరాత్రికి కోటప్పకొండకు బయల్దేరిన ప్రభ గుర్తొస్తుంది. కాకపోతే ప్రభ ఏడాదికి ఒక్కసారైనా కొండ దగ్గరికి చేరుతుంది.

నెత్తిన ఇనుప క్యారియర్, దానిమీద మడతగుడారం, పక్కన చుట్టిపెట్టిన పందిరిగుడ్డ, ఇసుకలో దిగబడితే టైరు కింద పెట్టే నారింజరంగు పలకలు, వెనక జెర్రీ క్యాన్, ఓ నిలువెత్తు జాకీ, ముందు బుల్ బార్, అందులో విన్చ్, పక్కన స్నార్కెల్ గొట్టం. మొదటిసారి చూసిన మా వాచ్‌మన్ పాపం, "ఇల్లు ఖాళీ చేస్తున్నారా సార్?" అని అడిగాడు.

వీటిలో ఏదీ పనికిమాలిన వస్తువు కాదు. ఆస్ట్రేలియాలో ఊళ్లు లేని రోడ్ల మీద చీకటిపడ్డాక కంగారూ అడ్డంగా దూకితే రేడియేటర్ని కాపాడేది బుల్ బారే. మనకు అడ్డొచ్చేవి గేదెలు. అవి దూకవు, నిలబడి ఆలోచిస్తాయి. పైగా ఆ ఇనుము అడ్డుంటే దెబ్బ సెన్సార్లకు అందే తీరు మారిపోయి, ఎయిర్‌బ్యాగ్ వేళకు విచ్చుకుంటుందన్న భరోసా పోతుంది. బుల్ బార్ల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబర్‌లోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. ఉత్తరం చేరే ఉంటుంది.

స్నార్కెల్ సంగతి వేరు. ఇంజను పీల్చే గాలిని అది పైకప్పు ఎత్తునుంచి తెస్తుంది. అంతవరకే. థార్‌కు కంపెనీ చెప్పిన నీటిలోతు 650 మిల్లీమీటర్లు. గొట్టం బిగించినంత మాత్రాన అది పెరగదు. వైర్లూ యాక్సిల్ బ్రీదర్లూ ఉన్నచోటే ఉంటాయి కదా! బజార్లో ఇంకో రకం కూడా దొరుకుతుంది. బయట గొట్టం, లోపల కనెక్షన్ ఉండదు. అన్నిట్లోకీ నిజాయితీగల సరుకు అదేనని నా అభిప్రాయం. మొన్న వానకు అండర్‌పాసులు నిండిన రోజు మా కాలనీ థార్ కవరు కప్పుకుని పడుకుంది. యజమాని మెట్రోలో ఆఫీసుకెళ్లాడు.

విన్చ్ లడఖ్ కోసమట. తాడు లాగాలంటే అవతల కట్టుకోడానికి ఏదో ఒకటి ఉండాలి. ఆ కొండల్లో చాలాచోట్ల చెట్టన్నదే మొలవదు. ఇక ఆ జాకీని ప్లాస్టిక్ బంపరు కింద పెట్టి ఎత్తితే బంపరొక్కటే లేస్తుంది, బండి లేవదు.

జెర్రీ క్యాన్‌ను మాత్రం వెక్కిరించలేను. మనాలీ నుంచి లేహ్ వెళ్లే దారిలో, తాండి బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల అవతలని బోర్డు పెట్టారు. మావాడి క్యాన్ ఖాళీ. నింపితే వాసనొస్తుందని ఇంట్లో ఒప్పుకోలేదు.

గుడారం వల్ల మలుపుల్లో బండి పక్కకు ఒరుగుతుందని చెబితే నవ్వేశాడు. మాల్ పార్కింగ్ ముందు వేలాడే ఎర్రకడ్డీ చెప్పాక విన్నాడు. ఇప్పుడు సినిమాకు క్యాబ్‌లో వెళ్తున్నారు.

మోటారు వాహనాల చట్టంలో 182ఏ అని ఒక సెక్షన్ ఉంది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఒక్కింటికి! ఆపిన అధికారి ఓపికున్నవాడైతే చాలు, ఆ నెల టార్గెట్ ఒక్క బండితో పూర్తి.

లడఖ్‌లోని ఖార్దుంగ్ లా కనుమ మీదకు ఆల్టోలు కూడా వెళ్తాయి, వెనకసీట్లో అమ్మమ్మతో సహా. వాళ్ల దగ్గర గాలి కొట్టే పంపు, పంక్చర్ కిట్ ఉంటాయి. డిక్కీలో ఉంటాయి కనక ఫొటోలో పడవు.

పాత బండ్ల ప్రకటనలు చదవడం నాకు అలవాటు. ఈ రకం బండికి రాసేది ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది: "సింగిల్ ఓనర్. నాలుగు లక్షల ఎక్స్‌ట్రా ఫిట్టింగులు. లడఖ్ రెడీ. సిటీ దాటలేదు, ఒక్క గీత కూడా పడలేదు."