ప్రవాళబాంధవుడు

యాత్రికులలో పుణ్యమునకై పోవువారు కొందఱు, ప్రొద్దుపోక పోవువారు కొందఱు, పొరుగింటివారు పోయి వచ్చిరి గనుక పోవువారు పెక్కుమంది. ఈ మూడు తెగలలో దేనికిని చెందక, తాము పోవు చోటును ఉద్ధరించుటకే పోవుచున్నామని నమ్మి, నమ్మినదానిని నలుగురికిని చెప్పి, చెప్పినదానికి సాక్ష్యముగా ఛాయాచిత్రములు తీయించుకొని వచ్చు నాలుగవ తెగ యొకటి యిటీవల మన నగరములలో బయలుదేరినది. ఆ తెగకు ప్రతినిధి యనదగిన పెద్దమనిషి యొకరు హైదరాబాదులో మా వీథి చివర నివసించుచున్నారు. లక్షద్వీపములకు పోయి వచ్చిన నాటినుండి మేమాయనను ప్రవాళబాంధవుడని పిలుచుచున్నాము. మేము కొంత కొంటెతనముతో పెట్టిన యా పేరును ఆయన బిరుదముగా స్వీకరించి, వాట్సాప్‌లో తన పేరుప్రక్కన చేర్చుకొన్నారు.

బాధ్యత యనునది బాంధవునిగారి దృష్టిలో ముందుగా కొని తెచ్చుకొనవలసిన సరకు. ప్రయాణమునకు నెలదినములు ముందునుండియే వారి గుమ్మము ముందు అట్టపెట్టెలు దిగసాగినవి. పెట్టెలో గాలిబుడగల ప్లాస్టిక్ చుట్ట, ఆ చుట్టలో ప్లాస్టిక్ సంచి, ఆ సంచిలో ప్లాస్టిక్‌ను వర్జింపుడని అచ్చువేసిన చీటి, ఆ చీటి క్రింద నొక వెదురు బ్రష్షు. అటులే స్టీలు నీళ్లసీసాయు, నారసంచియు, పగడములకు హాని చేయనని తనంతట తానే ప్రకటించుకొను సన్‌స్క్రీన్ డబ్బాలును వచ్చినవి. “ఇంట్లో ఉన్న మరచెంబు తీసుకుపోతే సరిపోదుటండీ?” అని ధర్మపత్ని యడుగగా, “అది పర్యావరణానికి మంచిదని దానిమీద ఎక్కడైనా రాసుందా?” అని ఆయన ప్రశ్నించిరట. ఆ యిల్లాలు మఱి మాటాడలేదు.

ఆక్సీబెంజోన్ అను రసాయనము కలిసిన లేపనముల విక్రయమును పలావు దేశము 2020లోను, హవాయి రాష్ట్రము 2021లోను నిషేధించిన సంగతి మా వీథిలో పాలవానికి సైతము తెలియునంతగా ఆయన ప్రచారము చేసియుండిరి. నిషిద్ధము కాని లేపనమైనచో ఎంత పూసికొన్నను దోషము లేదని ఆయన సిద్ధాంతము. కావుననే ఆయన నీట దిగిన ప్రతిసారియు చుట్టును ఒక జిడ్డుపొర మెఱయుచు వ్యాపించెడిదని తోడి యాత్రికులు చెప్పుదురు. చేతులు నిండుగా కప్పు పాతచొక్కా యొకటి తొడిగికొన్నచో ఈ డబ్బాల ప్రసక్తియే యుండదన్న యూహ ఆ ద్వీపముల పడవవారికి ఏ ప్రచారమును లేకయే కలిగినది.

ఆయనకు తెలియక యిట్లు చేయుచున్నారని తలపవలదు. లక్షద్వీపములు ముప్పదియాఱనియు, వానిలో మనుష్యులుండునవి పదియేననియు, అన్నిటి నేలయు కలిపిన 32 చదరపు కిలోమీటర్లేయనియు, అందు 2011 లెక్కల ప్రకారము 64 వేలకు పైగా జనము కలరనియు గుక్క త్రిప్పుకొనకుండ చెప్పగలరు. అగ్నిపర్వతము మెల్లగా క్రుంగిపోవుచుండ, దాని యంచున పగడములు పైపైకి పెరిగి, తుదకు పర్వతము మాయమై పగడపు వలయమును, నడుమ మడుగును మిగులునని 1842లో డార్విన్ వ్రాసిన సంగతియు ఆయనకు కంఠస్థము. ఆయన చెప్పునదంతయు నిజమే. ఆయనతో వచ్చిన చిక్కంతయు నదియే.

కల్పేని ద్వీపపు మడుగులో జరిగిన సంభాషణ మాకెట్లు తెలిసినదనగా, ఆయనయే దానిని సెల్‌ఫోనులో పట్టించి, స్థానికులకు జ్ఞానబోధ చేసితినని వచ్చినవారికెల్ల చూపుచున్నారు. అది పోటు తీసిన వేళ. నీరు నడుములోతు. మెదడు ముడుతలవంటి గీతలు గల గుండ్రని పగడపు దిమ్మె యొకటి మోకాలెత్తున నీటిలో లేచియుండగా, దానిపై రెండు పాదములును ఆనించి, నీటికి తొడలవఱకు పైకి తేలి, బాంధవునిగారు నిలిచియున్నారు. లుంగీ ఎగగట్టిన పడవవాడు ప్రక్కన నిలిచి వచ్చీరాని హిందీలో బతిమాలుచున్నాడు. తెలుగున ఆ మాటలివి:

“సారే, ఆ రాయి మీద నిలబడకండి.”

“రాయి కాదయ్యా! జీవి, జీవి. లక్షల చిన్నప్రాణులు కట్టుకున్న ఊరు ఇది. వాటి ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముండి వాటికి తిండి పెడుతుంది. ఇంకెప్పుడూ రాయి అనకు.”

“అనను సారే. దిగండి.”

“దిగుతాను. ముందు నీకు అర్థమైందా, లేదా?”

“అర్థమైంది సారే. మా నాన్నకి కూడా అర్థమైంది. దిగండి.”

ఇట్టి దిమ్మెపగడము సంవత్సరమునకు ఒక సెంటీమీటరు అటునిటుగా పెరుగును. కావున అది ఆయన యీడుదియే యై యుండవచ్చును. బోధ ముగిసి ఆయన దిగునప్పటికి మడమలానిన రెండు చోట్లను గోధుమవన్నె చర్మము చెదరి లోని సున్నపు తెలుపు బయటపడినది. వీడియోలో నా భాగము స్పష్టముగా కనుపించును. ఆయన దానిని చూపి, “చూశారా, ఎంత సున్నితమో!” అని నిట్టూర్చుదురు.

పడవవాని తొందర ఉత్త భూతదయ కాదు. అచటివారు, ముఖ్యముగా మినికాయ్ జాలరులు, ట్యూనా చేపలను గాలపుకఱ్ఱతో ఒక్కొక్కటిగా పట్టుదురు. ఆ చేపలను రప్పించుటకు బ్రతికియున్న చిన్నచేపలను ఎరగా చల్లవలెను, ఆ చిన్నచేపలు మడుగులోని పగడముల సందుల బ్రతుకవలెను. పగడము చచ్చిన ఎర లేదు. ఎర లేనిది ట్యూనా లేదు. ట్యూనా లేనిది ఉడికించి, పొగబెట్టి, ఎండించిన మాసు లేదు, పిల్లల బడిఖర్చులకు డబ్బు లేదు. ఈ లెక్క తెలిసినవానికి జీవశాస్త్రము చెప్పబూనుట సాహసమే.

ఇక నీటి విషయము. ఆ ద్వీపములందు నదులు లేవు. వానకు నేలలో నింకిన మంచినీరు, అడుగున నున్న ఉప్పునీటిపై, పాలమీద మీగడవలె పలుచగా తేలియుండును. అవసరమునకు మించి తోడితిమా, క్రిందినుండి ఉప్పు పైకి వచ్చును, బావి చెడును. అందుచేతనే కవరత్తిలో సముద్రజలమునుండి దినమునకు లక్షలీటర్ల మంచినీటిని తీయు కేంద్రమును 2005లో నెలకొల్పవలసి వచ్చినది. ఈ సంగతి విని బాంధవునిగారి కండ్లు చెమ్మగిల్లినవి. ఉప్పు పోవుటకు ఉదయమొక స్నానము, ఇసుక పోవుటకు సాయంత్రమొక స్నానము, చెప్పులు కడుగుటకు నడుమ నింకొక విడత నీరును వాడుచు, స్నానాల గదిలో “నీటిని పొదుపుగా వాడుడు” అని వ్రాసిన పలకను, వెనుక షవరు ధారగా పోవుచుండగనే, ఫోటో తీసి మిత్రులందఱికిని పంపిరి.

స్థానికాహారమునే భుజించి స్థానికులను పోషింపవలెనన్నది ఆయన మఱియొక నియమము. అచట పండునది కొబ్బరి, పట్టుబడునది చేప, ఆయన శుద్ధశాకాహారి. కావున మొదటి పూట కొబ్బరినీరు త్రాగి స్థానికులను పోషించి, రెండవ పూటనుండి కొచ్చినుండి ఓడలో వచ్చిన బియ్యమును కూరలను తన వెంట తెచ్చిన గోంగూరపచ్చడితో భుజించిరి. పచ్చడి సంచులు ఖాళీయైన వెంటనే, ఒక్కటియు క్రింద పడనీయక, చెత్తబుట్టలో వేసి చేతులు దులుపుకొనిరి. మన నగరమున చెత్తబుట్ట వెనుక లారీయు, లారీ వెనుక మనకు కనబడని యూరును ఉండును. అంత చిన్న ద్వీపమున ఆ కనబడని యూరు ఎచట నుండును? అక్కడనే తగులబెట్టవలెను, లేక కూరగాయలు తెచ్చిన యోడలోనే తిరిగి కొచ్చికి పంపవలెను. ఖాళీసంచులను మడిచి తన పెట్టెలోనే పెట్టుకొని వచ్చియున్న తూకము నాలుగు తులములు కూడ కాకపోవును.

ఆ పెట్టెలో చోటు లేదనరాదు. తిరుగుప్రయాణమున తనిఖీ చేయువారు దానిని తెఱవగా మేజోళ్లలో చుట్టిన తెల్లని పగడపు ముక్కలు ఏడో యెనిమిదో బయటపడినవి. “చచ్చినవే గదా, పిల్లలకు పాఠం చెప్పడానికి” అని ఆయన వాదించిరి. రీఫులు కట్టు పగడములను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చిరి. అందు పులి యున్నది. నేరము రుజువైనచో మూడేండ్లకు తక్కువ కాని జైలు. ఎవరో దయాళువు ఆ ముక్కలను మాత్రము తీసికొని మనిషిని విడిచిపుచ్చెను. పైగా చచ్చిన పగడమును ఆ ద్వీపములకు ధనమే: 1847 తుఫాను కల్పేని తూర్పు తీరమున విసరిన పగడపు శకలముల కట్ట నేటికిని నిలిచియున్నది, చిలుకచేపలు పగడమును కొఱికి నమిలి విసర్జించిన సున్నమే తెల్లని యిసుకలో చాలభాగము. ఈ రెండవ సంగతి మాత్రము బాంధవునిగారికి తెలియదు కాబోలు, ఆ యిసుకను ముద్దాడుచున్న చిత్రమొకటి మాకు చూపిరి.

న్యాయము చెప్పవలెనన్న, పగడములకు అసలు మృత్యువు ఈయన మడమలు కావు. 1998, 2010, 2016, 2024 సంవత్సరములలో సముద్రము కాగి, లోపలి నాచు వెడలిపోయి, లక్షద్వీపముల పగడములు తెల్లబడినవి. ఆ వేడి ముందు ఒక హైదరాబాదు పెద్దమనిషి యెంత? అయినను వేడికి డస్సి కోలుకొనుచున్న ప్రాణిపై ఎక్కి ఉపన్యసించుట మర్యాద కాదని నా యభిప్రాయము.

రాబోవు శీతకాలమున విశాఖపట్టణమునుండి ఓడ యెక్కి, 2024లో శ్రీవిజయపురమని పేరు మాఱిన పోర్టుబ్లెయిరునకు పోవ ఆయన సన్నాహము చేయుచున్నారు. అండమానులో తెలుగువారు వేలకొలది కలరు. ఈ పర్యాయము భాష యడ్డము రాదని ఆయన ఉత్సాహము. అచటి మన తెలుగు పడవవారికి నా మనవి యొక్కటే: అయ్యలారా, ఉపన్యాసమును సాంతముగా వినుడు, కాని ఆయనను పడవలో కూర్చుండబెట్టి వినుడు.