వినమ్రంగా తెలియజేసుకుంటున్నాను: టీకా తాత్పర్య సహితం

ఇంటిపేరు ఇంట్లో వస్తుంది. హాస్టల్ బడిలో చేరినవాడికి దాని మీద ఇంకోటి తగులుకుంటుంది: ట్రంకు పెట్టె మూత మీద తెల్ల పెయింటుతో రాసిన అంకె. ఇంటిపేరు శుభలేఖల దగ్గర తప్ప ఎవరికీ అక్కర్లేదు గానీ ఆ అంకె అరవయ్యేళ్లొచ్చినా వదలదు. విజయనగరం పక్కన కోరుకొండలో, పి.వి.జి. రాజు గారు ఇచ్చిన ప్యాలెస్‌లో, 1962 జనవరి 18న సైనిక్ స్కూలు మొదలైంది. సైనిక్ స్కూళ్లలో చదివినవాళ్లు ఇద్దరు రైల్లో ఎదురుపడితే ముందు రోల్ నంబరు, తరవాతే ఊరూ ఉద్యోగమూ. 1986 నాటి జాతీయ విద్యా విధానం పుణ్యమా అని వచ్చిన నవోదయలు శ్రీకాకుళం జిల్లాలో వెన్నెలవలసలోనూ, విజయనగరం జిల్లాలో కిల్తంపాలెంలోనూ ఉన్నాయి. అక్కడ అంకె కన్నా బ్యాచ్‌కి మర్యాద ఎక్కువ.

ఇటువంటి బళ్లలో చదివి దేశాలు పట్టినవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సాహిత్య ప్రక్రియ పుట్టింది. దానికి లక్షణ గ్రంథం లేదు, వ్యాఖ్యానం అంతకన్నా లేదు. ఆ లోటు తీర్చడానికి ఒక టీకాకారుడు పూనుకున్నాడు. అతణ్ని పురికొల్పింది కావ్యానందం కాదు, చిరాకు. మూలం ఇది:

“డియర్ బ్యాచ్‌మేట్స్! గురువుల ఆశీస్సులతో, మన స్కూలు నేర్పిన క్రమశిక్షణతో, ఇవాళ్టి నుంచి సీనియర్ వైస్ ప్రెసిడెంటుగా కొత్త ప్రయాణం మొదలుపెడుతున్నానని వినమ్రంగా తెలియజేసుకుంటున్నాను. ఎంత ఎదిగినా నేను మెస్సులో కంచం పట్టుకుని లైన్లో నిలబడ్డ ఆ కుర్రాణ్నే.”

ఇది ఏ ఒక్క బడిదీ కాదు. వ్యాసుడి పేరు మీద ఎందరో రాసినట్టే దీన్నీ ఎందరో కలిసి రాశారు.

డియర్, బ్యాచ్‌మేట్స్, గురువులు, ఆశీస్సులు: ఇవి సుగమాలు. సుగమమైన చోట టీకాకారులు ‘స్పష్టం’ అని రాసి దాటేస్తారు. కష్టమైన చోటా అదే పని చేస్తారని విద్యార్థుల ఫిర్యాదు.

‘వినమ్రంగా.’ నమ్ ధాతువుకి వంగడం అని అర్థం. ప్రమోషన్ వచ్చినవాడు వంగడమేమిటని శంక. పళ్లు కాసిన చెట్టు వంగదా అని సమాధానం. వంగుతుంది. అయితే, వంగానహో అని ఏ చెట్టూ దండోరా వేయించుకోదు కాబట్టి ఈ సమాధానం చెల్లదు.

‘కొత్త ప్రయాణం.’ ఈ మనిషి ఇల్లు మారలేదు, కుర్చీ మారలేదు, ల్యాప్‌టాప్ మీద అంటించిన స్టిక్కరు మాత్రం మారింది. ముఖ్యార్థం పొసగనప్పుడు లక్షణ పట్టుకోవాలి. గంగలో గొల్లపల్లె ఉందంటే గంగ ఒడ్డున ఉందని అర్థం చేసుకుంటాం. అలా చెప్పడానికి ప్రయోజనం, ఆ పల్లెకి చల్లదనమూ పావనత్వమూ అంటించడం. ఇక్కడ ప్రయోజనం అరవై రెండు బొటనవేళ్లు, పద్నాలుగు చప్పట్లు.

‘కుర్రాణ్నే.’ శ్రీకాకుళం వాడైతే ‘గుంటణ్నే’ అనాలి. ఆ మాట ఇంటికి ఫోను చేసినప్పుడే వస్తుంది, గ్రూపులో రాదు. చివరనున్న ఏకారం సామాన్యమైంది కాదు. తార్కికులు ఏవకారాన్ని మూడుగా విడదీశారు. పార్థుడే విలుకాడు అంటే ఇంకెవరూ కాదని. శంఖం తెల్లనే అంటే తెలుపు లేని శంఖం లేదని. నల్లకలువ ఉండనే ఉంటుంది అంటే అసలు లేకపోలేదని. 1860లో మొదలైన విజయనగరం సంస్కృత కళాశాలలాంటి చోట్ల ఇలాంటి వాటి మీద పూటలకి పూటలు వాదించుకునేవారు, దీపంలో నూనె అయిపోయేదాకా. మన మూలంలో ఏకారం విశేషణం మీద ఉంది గనక ఇది శంఖం వరస: ఇతనిలో కంచం పట్టుకున్న కుర్రాడు లేని క్షణం లేదన్నమాట. మొన్నటి రీయూనియన్ భోజనాల దగ్గర ఇతను లైను దాటుకుని, ముఖ్య అతిథి పక్కన వేసిన తెల్లగుడ్డ కుర్చీలో కూర్చున్నాడు. కాబట్టి ఏవకారం భంగమైంది.

వ్యాఖ్యాతల్లో మేటి మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మాటిచ్చి మరీ టీకలు రాశాడు. ఆయన మెదకు సీమవాడు. మన టీకాకారుడు కళింగం వాడు, మాటేమీ ఇవ్వలేదు. కాబట్టి ఇప్పుడు శాసనాల్లోకి వెళ్తాడు.

ఎందుకంటే ఈ ప్రక్రియ కొత్తది కాదు. తూర్పు గాంగ రాజుల రాగిరేకులు తీసి చూడండి. పల్లె ఒకటి దానమివ్వాలి. అది చెప్పడానికి ముందు మహేంద్రగిరి ఎక్కుతారు. ఆ కొండ మీది గోకర్ణస్వామి పాదాలకి మొక్కి కలిదోషం కడుక్కుంటారు. ఆయన దయవల్ల దొరికిన శంఖం, భేరి, పంచమహాశబ్దాలు, తెల్లగొడుగు, బంగారు చామరం, వృషభ లాంఛనం వరసగా ఏకరువు పెడతారు. అవన్నీ అయ్యాక దానం. ఆ తరవాత పొలిమేరలు: ఈ దిక్కున పుట్ట, ఆ దిక్కున చింతచెట్టు, రాళ్లవరస, వాగు. గురువుల ఆశీస్సులు, స్కూలు క్రమశిక్షణ, తరవాత డిజిగ్నేషను: అదే ఎత్తుగడ. పొలిమేరలు మాత్రం ఎగిరిపోయాయి. కంపెనీ ఏం అమ్ముతుందో, ఇతను పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తాడో, చింతచెట్టు ఎటువైపో ఎక్కడా ఉండదు.

నరసన్నపేట దగ్గర నడగాంలో ఇలాంటి రేకులు దొరికాయి. వజ్రహస్తుడివి, శకం 979, అంటే క్రీ.శ. 1057-58 నాటివి. వాటిని చదివి ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో అచ్చేయించినవాడు గిడుగు రామమూర్తి. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన మనిషి. గుడి గోడల మీది అక్షరాలతో కుస్తీ పట్టిన మనిషి. తెలుగువాళ్లకి ఆయన వ్యావహారిక భాషా పిడుగుగానే గుర్తు. రాజులు మాట్లాడే బడాయి భాషని అంత దగ్గరగా చదివినవాడే, మామూలు మనిషి మాట్లాడినట్టు రాయండయ్యా అని పోట్లాడాడు. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా కుదిరాయా అని టీకాకారుడు ఆశ్చర్యపోయేవాడు. గ్రూపులో చేరాక ఆశ్చర్యం పోయింది.

ఆ రేకుల్లో రాజుల వరస ఉంది, ఒక్కొక్కరూ ఎన్నాళ్లు ఏలారో లెక్కతో సహా. ఒక వజ్రహస్తుడు 44 ఏళ్లు. గుండముడు 3. కామార్ణవుడు 35. వినయాదిత్యుడు 3. మరో వజ్రహస్తుడు 35. అతని కొడుకు ఇంకో కామార్ణవుడు: అర్ధ సంవత్సరం. ఆ తరవాత గుండముడు 3, మధుకామార్ణవుడు 19.

అర్ధ సంవత్సరం! దాచలేదు. పక్కవాడి ఖాతాలో కలిపి 36 చెయ్యలేదు. పంచమహాశబ్దాలు మోగించుకునే వంశం కూడా మావాడొకడు ఆర్నెల్లే ఉన్నాడని రాగిమీద చెక్కించింది. ఇంత పెద్ద గ్రూపులో, ఇన్నేళ్లలో, ఒక్క ఆర్నెల్లవాడు కనపడడు. ఎవడి ఉద్యోగమూ పోలేదు. ఎవడి హోటలూ మూతపడలేదు. ఎన్డీఏ పరీక్ష రాసి తప్పినవాడే లేడు. సైనిక్ స్కూళ్లు పెట్టిందే ఆ అకాడమీకి పిల్లల్ని తయారుచేయడానికి, అందులోకి వెళ్లేది కొందరే అని అందరికీ తెలిసినా. ఉద్దానంలో కిడ్నీ పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్లేవాడి కబురు అతని ఫొటోకి దండ పడ్డాకే వస్తుంది. అప్పుడు వరసగా నూట పది దండాలు. ఆ దండాల్లో సగం మంది, ఏ ఊళ్లో ఉండేవాడురా అని విడిగా అడుగుతారు.

పూర్వపక్షం: ఎవరో సంతోషం పంచుకుంటే నీకేం బాధ? ఓర్వలేనితనం కాదా? కావచ్చు. టీకాకారుడికి ఏ ప్రెసిడెంటు పదవీ లేదు, ఉప అన్నది కూడా లేదు. అది ఒప్పుకునే సిద్ధాంతం చెబుతున్నాడు.

హాస్టల్ బళ్లలో చాలాచోట్ల ఆదివారం ఉత్తరాల పూట ఉండేది. పదేళ్ల గుంటలు వరసగా కూర్చుని ఇన్‌లాండ్ లెటర్లు రాయాలి. అంటించకుండా హౌస్ మాస్టారుకి ఇవ్వాలి. ఆయన చదువుతారు. మొదటివారం ఒకడు “అమ్మా, నాకు ఇక్కడ బాగోలేదు, నాన్నని రమ్మను” అని రాస్తాడు. మాస్టారు కోప్పడరు, తల నిమిరి మెల్లగానే చెబుతారు: అమ్మ బెంగ పెట్టుకుంటుంది కదా, ఇంకోటి రాయి. రెండోది ఇలా ఉంటుంది: “నేను ఇక్కడ క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను. బాగా చదువుతున్నాను.” జ్వరం వచ్చినా క్షేమమే. నవోదయ నుంచి తొమ్మిదో తరగతిలో కొందరిని ఏడాదిపాటు వేరే భాషా రాష్ట్రానికి పంపుతారు. సరుబుజ్జిలి పక్క ఊరి పిల్లవాడు అక్కడ హిందీలో ఏడ్చినా, ఇంటికి క్షేమమే. ఏడేళ్లపాటు వారం వారం సాధన చేసిన వాక్యం యాభయ్యేళ్లకి పోతుందా? పైన ఉదహరించిన మూలం ఆ ఇన్‌లాండ్ లెటరే. మాస్టారు రిటైరైపోయి ఎన్నో ఏళ్లైంది, అయినా అంటించకుండానే ఇస్తున్నారు.

పాఠాంతరం: ఇదే మూలానికి ఫోను ప్రతి ఒకటి ఉంది. రాత్రి, ఒకే ఒక్కడికి: “ఏట్రా, తొంగున్నావా? పాత కంపెనీవోళ్లు పొమ్మన్నార్రా. ఐదు నెల్లు ఖాళీ. ఇంట్లో మా ఆవిడకి తప్ప ఎవులికీ సెప్పలేదు. ఇదేదో దొరికింది, జీతం తక్కువే. నువ్వెలగున్నావు?” ఇది అపపాఠమని, గ్రామ్యమని, సంస్కర్తలు దీన్ని పరిష్కరించి పైన ఇచ్చిన మూలాన్ని నిలబెట్టారు. గిడుగు ఉంటే ఏ ప్రతిని అచ్చేయించేవారో వేరే చెప్పక్కర్లేదు.

గ్రంథపాతం: శాసనంలో రాయి పెచ్చులూడి అక్షరాలు పోయిన చోట పండితులు చుక్కలు పెట్టి ముందుకెళ్తారు. పోయిన మంగళవారం రాత్రి పదకొండు నలభైకి, రెండేళ్లుగా నోరు విప్పని రోల్ నంబరు ఒకటి గ్రూపులో ఏదో రాసింది. టీకాకారుడు కళ్లజోడు వెతుక్కుని వచ్చేసరికి అక్కడ మిగిలింది ఇంతే: “ఈ మెసేజ్ తొలగించబడింది.” దాని కింద, పన్నెండు దాటాక, కేకు బొమ్మతో ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు మొదలయ్యాయి.