రైలు లేని ఊరి రిజర్వేషను పండితుడు

గూడూరనగానే లోకులు నెల్లూరు వైపునున్న జంక్షనునే తలతురు గాని, కర్నూలు జిల్లాలో, ఇనుప పట్టాల మొగమెరుగని గూడూరు మరియొకటి కలదని ఎరుగువారు అరుదు. అయినను, రైల్వే శాస్త్రమున పారంగతుడైన మహానుభావుడొకడు ఈ గూడూరుననే వెలసెను. ఏటి యొడ్డువానికి ఈత వచ్చుట వింతగాదు; ఎడారిలో గజఈతగాడు పుట్టుటయే వింత.

ఊరివారతనిని 'బెర్తు మామ' యందురు. 1871లో రాయచూరున మద్రాసు, బొంబాయి పట్టాలు కలిసినది మొదలు ఈ ప్రాంతీయులకు బొంబాయి దారి ఆదోని స్టేషనే. నేతబట్టల మూటతో పోవువాడైనను, కూలికి పోవువాడైనను, ఎమ్మిగనూరు మీదుగా బస్సులో ఆదోని చేరవలసినదే. అయితే బస్సెక్కుటకు ముందు మామ అరుగెక్కుట ఆచారము.

"బెర్తు దొరుకుతాదా మామా?"

"టిక్కెట్టు వేరే, బెర్తు వేరేప్పా!" అని మామ ఉపన్యాసమారంభించును. నాటి అట్టముక్క టిక్కెట్టు ప్రయాణాధికారమునిచ్చెడిది గాని శయనాధికారమునిచ్చెడిది కాదు. ఎచటనో బయలుదేరిన బండిలో నడిమి స్టేషనుకు కోటాగా దక్కెడివి కొలది బెర్తులే. అవి నిండినచో బండి బయలుదేరు చోటికి తంతి పోవలసియుండెను, అచటి గుమాస్తా చేతివ్రాత రిజిస్టరులో ఖాళీ వెదకి బదులు తంతి ఈయవలసియుండెను. మూడంతస్తుల బోగీలో నడిమి బెర్తువాడు రాత్రికి ప్రభువు, పగటికి పరాశ్రయుడు. తెల్లవారి పలక దించినంతనే అతని రాజ్యము గోడకంటుకొనును. 1974లో మూడవ తరగతి రద్దయి రెండవ తరగతిగా మారినదని ఎవరో సంతోషింపగా, మామ "బోర్డు మారిండాది, బల్ల మారలేదప్పా!" అని తీర్పు చెప్పెను.

ఊరివారితో ప్రయాణమైనపుడు మామ, నాడు ప్లాట్‌ఫారముపై అంటించుచుండిన చార్టులో ఎల్లవారి పేర్లను వ్రేలితో వెదకిపెట్టి, నల్లకోటు టీటీఈని బతిమాలి ముసలివారికి క్రింది బెర్తు కుదిర్చి, తాను మాత్రము తుండుగుడ్డ పరచుకొని తలుపు చెంత కూర్చుండును. తనకొరకు బెర్తేల కోరవని అడిగినచో, నిద్రపోవువానికి రైల్వే శాస్త్రమేలనును.

1986లో ఢిల్లీలో మొదలైన కంప్యూటరు రిజర్వేషను క్రమముగా దేశమంతట వ్యాపించి ఆ రిజిస్టర్లను మూలపడవేసెను. దానిపై మామకు గౌరవము కలదు గాని ప్రీతి లేదు. "బతిమాలితే ఇనదప్పా అది" యనును. కావున, పాఠకులారా, ఏ బండిలోనైనను ఇట్టివాడొకడు తలుపు చెంత తుండుగుడ్డపై కనిపించినచో, మీ టిక్కెట్టు చూపి నిబంధనలు వల్లింపకుడు, అవి అతనికి మీకంటె బాగుగ వచ్చును. కొంచెము జరిగి చోటీయుడు.