మూడు ఊళ్ల మందారాన్ని

నేను రేక మందారాన్ని. ముద్ద మందారం నా తోబుట్టువే. దాని కేసరాలు కూడా రేకులైపోయాయి, అంతే తేడా. తెనాలిలో ఒక పెంకుటింటి పెరట్లో, నూతి చప్టా పక్కన పెరిగాను. గుంటూరు సీమవాళ్లకు నా బంధువర్గాన్ని పరిచయం చేయనక్కర్లేదు. మీ పచ్చడి గోంగూర నా చెల్లెలు. బెండ, పత్తి దగ్గరి చుట్టాలు. ఆసియాలోని వేడి నేలలు నా పుట్టిల్లంటారు. 1960 నుంచి మలేషియాకు జాతీయ పుష్పాన్ని నేనే. తెనాలిలో మాత్రం పూజకు పువ్వును, తలనూనెలోకి ఆకును.

నాకు గింజ పట్టడం అరుదు, కొమ్మతోనే వంశం. తొలకరి పడగానే పక్కింటావిడ గోడ మీంచి, "వదినగారూ, ఓ కొమ్మ ఇస్తారా?" అంటుంది. పెన్సిలంత లావు, జానెడు పొడవు, కణుపు కింద ఏటవాలు కోత చాలు. నీడన తడి ఆరకుండా చూస్తే వేళ్లు దిగుతాయి. అలా ఒక కొమ్మ పెద్దమ్మాయితో బాపట్ల వెళ్లింది. ఇంకోటి తడిగుడ్డ చుట్టుకుని, 1916లో వేసిన రైలు దారిన రేపల్లెలో వియ్యాలవారింటికి చేరింది. కొమ్మ మొక్క తల్లి మొక్కే కనుక మూడు ఊళ్లలోనూ ఉన్నది నేనే.

బాపట్లది ఇసుక నేల. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఇంకిపోయేవి. మొగ్గలు విచ్చకుండానే రాలుతుంటే, "ఈ చెట్టు మనకు అచ్చిరాలేదు" అన్నారు. పాదులో చివికిన పశువుల ఎరువు వేసి, ఎండుటాకులు కప్పాక నిలదొక్కుకున్నాను. రేపల్లెలో నల్లమట్టి. వానలకు నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లబోయాయి. మట్టి ఎగదోసి గట్టు మీద నాటితే బతికాను.

నా పువ్వు ఆయుష్షు ఒక్క రోజు. పూసేది కొత్త చిగురుకే, అందుకే కత్తిరింపంటే నాకు భయం లేదు. కంచెగా వరస వేసి నడుమెత్తున కత్తిరించినా గుబురుగా లేస్తాను. నా అసలు శత్రువు పిండినల్లి. చిగురు ముడుచుకుని తెల్లగా కనిపిస్తే కాండం మీద చీమల బారు చూడండి. పిండినల్లి విసర్జించే తీపి కోసం ఆ చీమలే దానికి కాపలా. ఆ చిగురు తుంచేసి, సబ్బునీళ్లలో వేపనూనె కలిపి ఆకుల అడుగుకు తగిలేలా కొట్టండి. విషపు మందులు వద్దు. నా రేకులు మీ దేవుడి పటానికి, నా ఆకులు మీ పిల్లల తలకు వెళతాయి.

కొమ్మ పట్టుకెళ్లేవారికి ఒక్క మాట. ముందు మీ పెరటి మట్టి చూసుకోండి. ఇసుకైతే ఎరువు, బంకమట్టి అయితే గట్టు, ఎక్కడైనా మంచి ఎండ. అవి చూసుకోకుండా పూయలేదని చెట్టును తిట్టకండి.