పట్నం కానుక పద్యానికి ‘సంచీవని’ వ్యాఖ్య

అవతారిక

మన మెదకు సీమ కొలిచెలమవాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ రాశాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చాడు. నాకా పట్టింపు లేదు. ఈ వ్యాఖ్య భుజాన సంచీతో పాతబస్తీలో తిరుగుతుండగా పుట్టింది కనక దీని పేరు ‘సంచీవని’.

పనిమీద హైదరాబాదు బయల్దేరిన నాకు రాజమండ్రి పెద్దమ్మ ఫోనులో చెప్పిన మాటే దీనికి మూలం. మొదటి రెండు పాదాలూ ఆవిడవి. తక్కిన రెండూ ప్రక్షిప్తాలనీ, తిరుగు ప్రయాణంలో రైల్లో చేరాయనీ పండితులకు అనుమానం. వాళ్ల అనుమానం నిజమే.

మూలం (ఆటవెలది)

పట్నమేగువాడ! పట్టుక రమ్మయ్య
చవక కానిదైన చాలు మాకు;
చేసినట్టి చేయి చేరువ నున్నచో
వస్తువదియె పట్న వాసనిచ్చు.

ప్రతిపదార్థం

పట్నము = తెలంగాణలో పట్నమంటే హైదరాబాదే; సర్కారు జిల్లాల పాతవాళ్లకు చెన్నపట్నం. ఇక్కడ సందర్భాన్నిబట్టి మొదటిదే గ్రాహ్యం.

ఏగువాడ = వెళ్లేవాడా! నువ్వెందుకు వెళుతున్నావో మాకు అనవసరమని ధ్వని.

పట్టుక రమ్మయ్య = తీసుకురావయ్యా. ఇది సకర్మక క్రియ. ఏం తేవాలో చెప్పే కర్మపదం మాత్రం పద్యమంతా వెతికినా దొరకదు. కర్మ వాక్యంలో లేదు, తెచ్చేవాడి నుదుట ఉంది.

చవక కానిదైన చాలు = ఖరీదైనదైనా సర్దుకుంటాం. ఇంత నిరాడంబరత ప్రబంధ నాయికల్లో కనపడదు.

చేసినట్టి చేయి = దీనికి అర్థం నిఘంటువులో లేదు, చార్మినార్ పక్కన లాడ్‌ బజార్‌లో ఉంది. కుంపటి మీద రేకు. ఒకాయన రంగు లక్కముద్దను దానిమీద వేడిచేస్తూ, మెత్తబడగానే సాగదీసి కడ్డీ చేశాడు. గుండ్రంగా వంచి కొసలు అతికాడు. కొయ్యకు తొడిగి కొలత సరిచూశాడు. ఆ వేడి ఆరకముందే అద్దం తళుకులు ఒక్కొక్కటీ నొక్కాడు. నేను పక్కన కూచుని ఒక్క తళుకు నొక్కబోయి వేలు కాల్చుకున్నాను. ఆయన వేలికొసలు మాత్రం ఎప్పుడో గట్టిపడిపోయాయి. ఈ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆయన నాతో మాట్లాడింది ఒకటే: “సైజెంత?”

చేరువ నున్నచో = దగ్గరుంటే.

వాసన = శ్లేష. ఒక అర్థం పరిమళం. రెండోది పూర్వజన్మ సంస్కారం. వ్యాఖ్య బరువంతా ఈ రెండో అర్థం మీదే ఉంది.

శంకలు, సమాధానాలు

శంక: హైదరాబాదుకు సముద్రం లేదే, ముత్యాలెలా వచ్చాయి?
సమాధానం: ఒకప్పుడు పర్షియా సింధుశాఖ నుంచి బస్రా ముత్యాలుగా వచ్చేవి, ఇప్పుడు చాలావరకు చైనా మంచినీటి చెరువుల నుంచి వస్తున్నాయి. ఏరడం, వన్నె తేల్చడం, బెజ్జం వేయడం, దారానికెక్కించడం ఇక్కడి విద్య. పుట్టుక సముద్రానిది, బెజ్జం పట్నానిది. బెజ్జం లేని ముత్యం మెడకెక్కదు.

శంక: బిద్రీ పాత్ర బీదరుది కదా, బీదరు కర్ణాటకది కదా?
సమాధానం: 1956 దాకా అది హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, చెక్కిన గాడిలో వెండి తీగ పొదిగి, చివర బీదరు కోట మట్టితో నలుపెక్కిస్తారు. రాష్ట్రాల గీతలు మారినా నలుపెక్కడానికి ఆ కోట మట్టే కావాలి.

శంక: కరాచీ పేరున్న బిస్కెట్టు హైదరాబాదు కానుకెలా అయింది?
సమాధానం: ‘వాసన’ రెండో అర్థం చూడుము. దేశవిభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ పెట్టారు. ఊరు పోగొట్టుకున్నవాడు ఊరి పేరును బోర్డు మీద దాచుకున్నాడు. ఇప్పుడు అమెరికా వెళ్లే ప్రతి సూట్‌కేసులోనూ పచ్చళ్ల పక్కన ఆ పేరుంటుంది.

శంక: మరి చార్మినార్ బొమ్మ ఉన్న ఫ్రిజ్ అయస్కాంతం? ఊరి పేరు కూడా రాసి ఉంటుందే!
సమాధానం: నేనూ ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి తిప్పి చూస్తే వేరే దేశం ముద్ర. అచ్చుతో సహా అందులో ఈ ఊరివాళ్లు చేసిన పని ఏమీ లేదు. పోనీ, కరెంటు బిల్లు పడిపోకుండా పట్టుకుంటోంది కనక పూర్తిగా నిరర్థకం అనరాదు.

శంక: బేరమాడవచ్చునా?
సమాధానం: ఆడవచ్చు. కానీ చేర్యాల మాస్కు పట్టుకుని “చింతగింజల ముద్దా, రంపపుపొట్టూనేగా!” అనడం అనౌచిత్య దోషం. ఆ లెక్కన కావ్యమూ కాగితం, సిరానే.

తాత్పర్యం

పట్నం వెళ్లేవాడా, ఏదో ఒకటి తే. అది ఎక్కడ పుట్టిందని వెతక్కు, దానిమీద ఏ ఊరి పేరుందని చూడకు. ఈ ఊళ్లో ఎవరి చెయ్యి తగిలిందో చూడు. వీలైతే ఆ చెయ్యి పనిచేస్తుండగా పక్కన కాసేపు కూచో.

ఫలశ్రుతి

పెద్దమ్మ గాజులు తొడుక్కుని ముందు ఆనవాయితీగా “ఎంత పెట్టావురా?” అంది. చెప్పాను. “మోసపోయావు” అంది. ఇదీ ఆనవాయితీయే. తర్వాత ఒక గాజు తీసి లోపలివైపు తడిమి, “ఇక్కడ సొట్ట ఉందేమిటి?” అంది.

“అతుకు పెట్టినప్పుడు చేసినాయన వేలు నొక్కుకుంది పెద్దమ్మా.”

ఆవిడ తన బొటనవేలు అందులో పెట్టి చూసుకుంది. సరిపోలేదు. ఏమీ అనకుండా మళ్లీ తొడుక్కుంది. ఇప్పుడు ఇంటికెవరొచ్చినా తళుకుల సంగతి ఎత్తదు. గాజు తీసి సొట్ట చూపిస్తోంది.