పుస్తకంలో 128

ఈ మాట మీలోనే ఉంచుకోండి. మా ఇంట్లో ఎలాగూ అందరికీ తెలిసిపోయింది, వీధికి తెలియకపోతే చాలు.

నేను ఆడిట్ శాఖలో 34 ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి. ఊరూరా తిరిగి పద్దుల్లో కొట్టివేతలూ దిద్దుబాట్లూ పట్టుకున్నవాణ్ణి. నేనొస్తున్నానంటే గుమాస్తాలకి చెమటలు పట్టేవని నా నమ్మకం. అలాంటి నేను 67వ ఏట దొంగలెక్క రాసి, మూడో క్లాసు చదివే మనవరాలి చేతికి దొరికిపోయాను.

సంక్రాంతి వెళ్లాక మోకాళ్లు చూపించుకుందామని వెళితే, డాక్టరుగారు మోకాళ్లు వదిలేసి చేతికి పట్టీ చుట్టారు. 162 బై 78. నేనేం కంగారుపడలేదు. వయసుకి నూరు కలుపుకోవాలని చిన్నప్పట్నించీ వింటున్న లెక్క ఒకటుంది కదా. ఆ ప్రకారం నాకు 167 దాకా మంజూరు, ఇంకా 5 మిగులు. ఆ మాటే ఆయనతో అన్నాను. పైగా, “కిందిది చూశారా, 78! కుర్రాళ్లకుండే అంకె” అని మీసం మీద చెయ్యి కూడా వేశాను.

ఆ నూరు కలిపే లెక్క ఎప్పుడో చెల్లిపోయిందన్నారాయన. వయసు మీదపడేకొద్దీ రక్తనాళాలు ఎండకి బిరుసెక్కిన నీళ్ల గొట్టాల్లా అవుతాయట. సాగే గుణం పోతుంది కనక పైది ఎగబాకుతుంది, కిందిది ఉన్నచోటే ఉంటుంది, లేదా తగ్గుతుంది. అంటే నేను మీసం దువ్వింది నా ముసలితనం చూసుకునన్నమాట. మా ఆవిడ గోడమీది క్యాలెండర్ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది. ఆపుకోలేదు లెండి.

మోకాళ్లకి నేను సొంతవైద్యంగా మింగుతున్న నొప్పి మాత్రలు కూడా బీపీని పెంచుతాయని అప్పుడే తెలిసింది. ఆసుపత్రి చూస్తే కొందరికి పెరుగుతుందిలెండి, వారం రోజులు ఇంట్లో చూసి పుస్తకంలో రాసుకుని రమ్మంటే మిషను కొన్నాం. ఇంట్లోనూ 150కి దిగలేదు. రోజుకో మాత్ర రాశారు.

ఉప్పు సంగతి చెప్పనే లేదు కదూ. మనిషికి రోజుకి 5 గ్రాములు దాటకూడదట, అంటే చిన్న చెంచాడు. మా ఆవిడ ఆ చెంచా తెచ్చి నా ముందు పెట్టింది. నేను అది పప్పులోకనుకున్నాను. “రోజంతటికీ” అంది. ఆ లెక్కలోనే ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, సాయంత్రం మిక్స్చరూ. ఆ పూటే పచ్చళ్ల జాడీ అటకెక్కింది. నా మోకాళ్ల సంగతి తెలిసే ఆ చోటు ఎంచిందని నా అనుమానం.

నేను మాత్రం రాజీ పడలేదు. “కూరలో ఉప్పు తగ్గిస్తే పళ్లెం తోసేస్తాను” అని ప్రకటించాను. మూడు నెలలు దర్జాగా తిన్నాను. మధ్యలో ఒకరోజు, “ఈమధ్య నీ చేతికి ఏదో రుచి వచ్చిందోయ్” అని మెచ్చుకున్నాను కూడా. తరవాత ఓ పెళ్లిలో సాంబారు నోట్లో పెట్టగానే సముద్రం తాగినట్టయింది. “వంటవాడికి మతిపోయిందా, ఇదేం ఉప్పు!” అన్నాను. మా ఆవిడ తాపీగా, “ఉగాదికి ముందు మనింట్లో సాంబారు అలాగే ఉండేదండీ” అంది. వారానికి చిటికెడు చొప్పున తగ్గిస్తూ వచ్చిందట.

ఇక అసలు నేరానికొస్తాను. మాత్రలు వేసుకోగా నెలకల్లా 130కి దిగింది. దిగింది కదా, ఇంకెందుకని మానేశాను. తల తిరగదు, కళ్లు మసకేయవు, నాకేం జబ్బని? బీపీకి చాలామందిలో లక్షణాలే ఉండవని డాక్టరుగారు చెప్పారు గానీ, ఆ మాట నాకు కాదనుకున్నాను. పది రోజులకి మిషను మళ్లీ 156 అంది. చూస్తే పుస్తకంలో రాయాలి, రాస్తే ఆవిడ చూస్తుంది.

నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయమన్నారు డాక్టరుగారు. నేను ఆరుసార్లు చూసేవాణ్ణి. టెండర్లలో తక్కువకి పాడినవాడికే పని ఇస్తాం కదా, అలా అన్నింట్లోకీ తక్కువదాన్ని ఖాయం చేసేవాణ్ణి. అదీ 140 పైనుంటే 128 అని రాసేవాణ్ణి. 120 అని రాయకూడదు. గుండ్రటి అంకెలు దొంగలెక్కకి గుర్తని నాకు తెలియదూ!

ఓ ఆదివారం మనవరాలు మిషనుతో ఆడుకుంటూ, “తాతయ్యా, ఈ ఎం అంటే ఏంటి?” అంది. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. అది నొక్కింది. 156. మళ్లీ నొక్కింది. 149. మళ్లీ, 152. తేదీ, టైముతో సహా వరసగా వస్తున్నాయి. పిల్ల గట్టిగా చదువుతోంది, మా ఆవిడ వంటింట్లోంచి పుస్తకం పట్టుకుని వచ్చింది. ఓచర్లకీ పద్దుకీ పొంతన లేదని ఎన్ని వందల పేరాలు రాశానో నేను!

“మిషను పాతదయిపోయింది” అన్నాను. ఆవిడ ఏమీ మాట్లాడకుండా మాత్రల అట్ట తెచ్చి బల్లమీద పెట్టింది. “వారం కిందటే లెక్కపెట్టాను. మీరే చెబుతారేమోనని చూస్తున్నా.”

ఇప్పుడు పుస్తకం పిల్లది. తేడా వస్తే ఎర్రసిరాతో ‘అభ్యంతరం’ అని రాస్తుంది. ఆ మాట నేర్పింది నేనే. మాత్ర మళ్లీ మొదలైంది. మంచం మీంచి గభాల్న లేవకుండా ఓ నిమిషం కూర్చుని లేవమన్నారు, లేకపోతే బీపీ చటుక్కున పడిపోయి మనమూ పడతామట. ఆ ముచ్చట కూడా బియ్యం డబ్బా మీద పడ్డాకే ఒప్పుకున్నాను.

పొద్దున్న చూసే పద్ధతి కూడా మారింది. కాఫీకి ముందే, వీపు ఆనించి, కాళ్లు నేలకి ఆనించి, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. అసలు మాట్లాడకూడదు, మాట్లాడితే పెరుగుతుంది. మా ఆవిడకి ఈ నియమం మహా నచ్చింది. 41 ఏళ్లుగా మిగిలిపోయిన మాటలన్నీ ఆ అయిదు నిమిషాల్లో నెమ్మదిగా చెబుతోంది. నిన్నటికి మా పెళ్లిలో మా మేనత్త అన్న మాట దాకా వచ్చింది. దానికి నా దగ్గర మంచి జవాబుంది. నోరు తెరవబోతే, మనవరాలు వేలు పెదాల మీద పెట్టుకుని పట్టీ సరిచేసింది.

134. ఎర్రసిరా పడలేదు.